ఆఫీసులో ఐదుగురికి ఒకే లోకల్ సర్వర్: పంచుకోవాల్సింది ఫోల్డర్ కాదు

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. తిరుపతి బాలాజీ కాలనీలో చిన్న ఆఫీసు, ఐదుగురు, లాడ్జీలకూ ట్రావెల్స్ వాళ్లకూ వెబ్‌సైట్లు చేస్తున్నారు. ఒక కంప్యూటర్లో జాంప్ (అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) వేసి, దాని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌ని (సైటు ఫైళ్లు ఉండే చోటు) విండోస్‌లో షేర్ చేశారు, ఐదుగురూ అందులోనే ఎడిట్ చేస్తున్నారు. పక్క కంప్యూటర్లలో సైటు ఒకరోజు వస్తుంది, మర్నాడు రాదు. ఒకరు రాసింది ఇంకొకరు సేవ్ కొట్టగానే పోతోంది. ఫోన్లో తెరిస్తే లోకల్‌హోస్ట్ అని చూపించి ఆగిపోతోంది. "ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నా?" అని అడిగావు.

ఏదీ కొనక్కర్లేదు. మీరు పంచుకోవాల్సింది సర్వర్‌ని, ఫోల్డర్‌ని కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావన్నీ దానంతటవే దారిలోకి వస్తాయి, అందుకే ఆ భాగం కాస్త ఎక్కువ రాస్తాను. ముందు మాత్రం సైటు కనిపించకపోవడం సంగతి తేల్చుకుందాం, అది తేలిక.

లోకల్‌హోస్ట్ అంటే ఏ కంప్యూటర్లో టైప్ చేస్తే ఆ కంప్యూటరే. దాని అడ్రస్ 127.0.0.1, అది బయటికి వెళ్లదు. నీ ఫోన్లో లోకల్‌హోస్ట్ అని కొడితే ఫోన్ తనలో తాను వెతుక్కుంటుంది. కాబట్టి మిగతావాళ్లు సర్వర్ ఐపీతోనే (నెట్‌వర్క్‌లో దాని నంబరు అడ్రస్) రావాలి, ఆ ఐపీ రోజూ ఒకటే ఉండాలి. ఒకరోజు వచ్చి మర్నాడు రాకపోవడానికి కారణం దాదాపుగా ఇదే: రాత్రి కంప్యూటర్ ఆపేసి పొద్దున ఆన్ చేస్తే రూటర్ దానికి వేరే అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లు (కొన్నింటికి 192.168.1.1, జియో ఫైబర్ రూటర్లకు 192.168.29.1), డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) పేజీలో రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ సర్వర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు) ఇచ్చి ఒక ఐపీని దానికే కట్టెయ్. సర్వర్ లోపల చేత్తో ఐపీ రాసుకునే పద్ధతి కూడా ఉంది కానీ, రూటర్ పంచే వరుసలోదే రాస్తే ఎప్పుడో ఒకనాడు అదే నంబరు ఎవరి ఫోన్‌కో కూడా వెళ్తుంది, రెండూ కొట్టుకుంటాయి. రిజర్వేషన్ అయితే ఆ టెన్షన్ లేదు.

ఇప్పుడు పరీక్షలు, ఇదే వరుసలో చెయ్. సర్వర్ మీదే కూర్చుని లోకల్‌హోస్ట్ తెరువు. వస్తే అపాచీ నడుస్తోంది. అక్కడే ఐపీతో తెరువు. లోకల్‌హోస్ట్‌తో వచ్చి ఐపీతో రాకపోతే సాధారణంగా సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటోందని అర్థం. అపాచీ కాన్ఫిగ్‌లో లిజన్ అనే లైనులో ఉత్త 80 అని ఉంటే అన్ని వైపులా వింటుంది, ముందు 127.0.0.1 తగిలించి ఉంటే వినదు. వీట్ (జావాస్క్రిప్ట్ సైట్ల టూల్), జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) లాంటివి వాడేటప్పుడు ఈ తంటా ఎక్కువ, ఎందుకంటే వాటి డెవలప్‌మెంట్ సర్వర్లు మామూలుగా లోకల్‌హోస్ట్‌కే అంటుకుని ఉంటాయి, హోస్ట్ 0.0.0.0 అని, అంటే అన్ని వైపులా వినమని, మనమే చెప్పాలి. అది చెప్పినా చాలదు: జాంగోలో అలౌడ్ హోస్ట్స్ జాబితాలో పేరు చేర్చాలి, వీట్‌లో కూడా 2025 జనవరి నుంచి ఐపీ కాకుండా సొంత పేరుతో వస్తే అలాంటి అనుమతే అడుగుతోంది.

ఐపీతో సర్వర్ మీద వచ్చి పక్క కంప్యూటర్లో రాకపోతే ఫైర్‌వాల్. విండోస్‌లో మీ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో చూడు, మొదటిసారి వైఫై కలిపినప్పుడు ఎవరో తొందరలో పబ్లిక్ నొక్కేసి ఉంటారు. దాన్ని ప్రైవేట్ చేసి, 80, 443 పోర్టులకు (వెబ్ పేజీల తలుపులు) ఇన్‌బౌండ్ రూల్ (లోపలికి రానిచ్చే అనుమతి) ప్రైవేట్ ప్రొఫైల్‌కి మాత్రమే ఇవ్వు. ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఇంకో సంగతి, పింగ్ (ఉన్నావా అని అడిగే పరీక్ష) రాలేదని సర్వర్ అందట్లేదని తేల్చెయ్యకు, విండోస్ చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు కానీ వెబ్ పేజీ ఇస్తుంది. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్ ఉంది, ఐపీ, పోర్ట్ 80 ఇచ్చి అడిగితే అసలు విషయం అది చెప్తుంది.

కంప్యూటర్లలో వచ్చి ఫోన్లో రాకపోతే వైఫై వైపు చూడు. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్‌కి ఆఫీసు కంప్యూటర్లు కనిపించవు, ఏపీ ఐసొలేషన్ (వైఫై మీద ఉన్నవి ఒకదానికొకటి కనిపించకుండా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా అంతే. మన ఊరి చిన్న ఆఫీసుల్లో ఇంతకంటే ఎక్కువగా కనిపించేది రెండు రూటర్ల గొడవ. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన డబ్బా ఒకటి, వైఫై లోపలి గదికి అందట్లేదని కొన్న రూటర్ ఇంకొకటి, దీని వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైరు పెట్టే చోటు) వైరు గుచ్చేస్తారు. ఇంటర్నెట్ చక్కగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ లోపల రెండు వేరు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి, ఒకటి 192.168.1 వరుస, ఒకటి 192.168.0 వరుస. రెండో రూటర్ కింద ఉన్నవాళ్లు మొదటి దాని కింద ఉన్న సర్వర్‌ని చూడగలరు, సర్వర్ రెండో దాని కింద ఉంటే మాత్రం మొదటివాళ్లకి కనిపించదు. ముందు రెండో రూటర్ సొంత ఐపీని మొదటి దాని వరుసలోకి మార్చి, అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, వైరు వ్యాన్ నుంచి తీసి ల్యాన్ పోర్టులో (ఆఫీసు కంప్యూటర్ల వైర్లు పెట్టే చోటు) పెట్టు. అప్పుడు అది వైఫై ఇచ్చే డబ్బాగా మాత్రమే ఉంటుంది, అందరూ ఒకే నెట్‌వర్క్‌లోకి వస్తారు.

సర్వర్‌ని మాత్రం వైఫై మీద పెట్టొద్దు, కేబుల్ వెయ్. కేబుల్ వేశాక లింక్ స్పీడ్ చూడు. రెండు వైపులా గిగాబిట్ ఉండి 100 అని చూపిస్తుంటే మొదట అనుమానించాల్సింది క్రింపింగ్‌నే (వైరు చివర ప్లగ్ బిగించిన తీరు). గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ తగలాలి, 100కి నాలుగు తగిలినా చాలు.

పేరు సంగతి. ఐపీ గుర్తుపెట్టుకోవడం కష్టం, పైగా ఒకే ఐపీ మీద పది సైట్లు నడపాలంటే పేర్లు ఉండి తీరాలి. చివర డాట్ టెస్ట్ పెట్టుకో. 1999లోనే దాన్ని పరీక్షల కోసమని పక్కన పెట్టారు, బయట ఎవరూ కొనలేరు. డాట్ డెవ్ వాడొద్దు, అది గూగుల్ చేతిలో ఉన్న అసలు డొమైన్, 2017 చివర్లో వచ్చిన క్రోమ్ 63 నుంచి దాని కింద ఏ పేరున్నా బలవంతంగా హెచ్‌టీటీపీఎస్‌కి తోస్తుంది. డాట్ లోకల్ కూడా వద్దు, ప్రింటర్లూ యాపిల్ మెషీన్లూ ఒకదాన్నొకటి కనుక్కోడానికి దాన్ని వాడుకుంటాయి. ఐదు కంప్యూటర్లలో హోస్ట్స్ ఫైలులో (ఏ పేరుకి ఏ ఐపీయో రాసుకునే ఫైలు) రాసుకుంటే మొదట్లో సరిపోతుంది. కానీ ఫోన్లలో హోస్ట్స్ ఫైలు మార్చడం కుదరదు, కొత్త సైటు పెట్టిన ప్రతిసారీ ఐదు చోట్లా మార్చాలి. అందుకని, కింద చెప్పే ఉబుంటుకి మారాక, సర్వర్ మీదే డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చి చెప్పే పని) చూసే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం వేసి, డాట్ టెస్ట్‌తో ముగిసేవన్నీ ఈ ఐపీకే పంపు అని ఒక్క లైను రాసి, రూటర్ డీహెచ్‌సీపీలో డీఎన్ఎస్‌గా సర్వర్ ఐపీ ఇవ్వు. ఒక చిక్కుంది: సర్వర్ ఆగిపోతే ఆఫీసులో పేర్లు దొరక్క అందరికీ ఇంటర్నెట్ ఆగిపోయినట్టే ఉంటుంది. సర్వర్ రోజంతా ఆన్‌లో ఉండేలా చూసుకోగలిగితేనే ఈ పని చెయ్. పెట్టాక ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్, బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉన్నాయేమో చూడు, ఉంటే అవి నీ సర్వర్‌ని అడక్కుండా బయటికి పోతాయి.

ఇక అసలు విషయం, ఫోల్డర్.

ఐదుగురు ఒకే హెచ్‌టీడాక్స్‌లో రాయడమంటే ఒకే నోటుబుక్కులో ఐదుగురు ఒకేసారి రాయడమే. ఒకరు పదిన్నరకు హెడర్ ఫైలు తెరిచి లాడ్జీ ఫోన్ నంబరు మారుస్తున్నారనుకో. రెండోవాళ్లు అదే ఫైలు తెరిచి మెనూలో ఆన్‌లైన్ బుకింగ్ చేర్చి సేవ్ చేశారు. మొదటివాళ్ల ఎడిటర్లో ఉన్నది పదిన్నర నాటి కాపీ. వాళ్లు సేవ్ చేస్తే నంబరు మారుతుంది, మెనూలో బుకింగ్ మాయమవుతుంది. ఎడిటర్ కొన్నిసార్లు హెచ్చరిస్తుంది, తొందరలో ఓవర్‌రైట్ నొక్కేస్తారు. సాయంత్రం క్లయింటుకి చూపించేటప్పుడు తెలుస్తుంది బుకింగ్ లేదని, ఎవరు తీశారో ఎవరికీ తెలీదు, ఒకరి మీద ఒకరికి కోపం. ఇందులో మనుషుల తప్పేమీ లేదు, ఏర్పాటే అలాంటిది. ఇంకోటి, ఒకరు సగం రాసిన కోడ్‌లో సెమీకోలన్ మరిచిపోతే ఆ నిమిషంలో మిగతా నలుగురికీ సైటు తెల్ల పేజీయే.

కాబట్టి ప్రతి ఒక్కరికీ సొంత కాపీ, వాటిని కలపడానికి గిట్, అంటే ఎవరు ఏం మార్చారో గుర్తుంచుకుని కలిపే ప్రోగ్రాం. సర్వర్ మీద గిటీ (ఆఫీసుకి సొంత గిట్ సర్వర్) వేసుకో, తేలికైనది, బ్రౌజర్లో గిట్‌హబ్ లాగే ఉంటుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఒక్కో మనిషికి సర్వర్ మీద ఒక యూజర్, వాళ్ల హోం ఫోల్డర్లో వాళ్ల కాపీ, దానికి వాళ్ల పేరుతో ఒక అడ్రస్: సునీత.లాడ్జ్.టెస్ట్, ఖాదర్.లాడ్జ్.టెస్ట్, అలా. అపాచీలో ఒక్కొక్కరికీ వర్చువల్ హోస్ట్ (ఏ పేరుకి ఏ ఫోల్డర్ అనే సెట్టింగ్) రాయొచ్చు, లేదా వీహోస్ట్ ఏలియాస్ అనే మాడ్యూల్‌తో పేరులో మొదటి ముక్కని బట్టి ఫోల్డర్ వెతుక్కోమని ఒకేసారి చెప్పొచ్చు. వీటికి తోడు ఉత్త లాడ్జ్.టెస్ట్ అని ఒకటి, అది మెయిన్ బ్రాంచ్ (గిట్‌లో అందరి పనీ చివరికి కలిసే చోటు) కాపీ, ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు, గిట్‌లో మెయిన్‌కి కలిస్తేనే మారాలి. క్లయింట్ వస్తే చూపించేది ఆ ఒక్కటే.

ఎడిట్ చేయడానికి వీఎస్ కోడ్ ఎడిటర్లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ వాడండి (ఎస్ఎస్‌హెచ్ అంటే ఇంకో కంప్యూటర్లోకి సురక్షితంగా వెళ్లే దారి). ఫైలు సర్వర్ మీదే ఉంటుంది, తెర మాత్రం నీ దగ్గర. షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఎడిట్ చేస్తే ఇంకో తంటా ఉంది, చాలామందికి కారణం దొరక్క రోజులు పోతాయి: ఫైలు మారగానే పేజీ దానంతటదే రీలోడ్ అయ్యే పద్ధతి నెట్‌వర్క్ షేర్ల మీద సరిగ్గా పనిచేయదు. ఫైలు మారిందన్న కబురు ఆపరేటింగ్ సిస్టం నుంచి రావాలి, అవతలి మెషీన్ మార్చిన ఫైలుకి ఆ కబురు ఇటు చాలాసార్లు రాదు. పోలింగ్ (ఫైలు మారిందా అని మాటిమాటికీ చూడటం) పెట్టుకోవచ్చు కానీ ప్రాసెసర్‌ని తినేస్తుంది. నా సలహా, పీహెచ్‌పీ పనులన్నీ సర్వర్ మీద రిమోట్ ఎస్ఎస్‌హెచ్‌తో చేయండి, రియాక్ట్ లాంటి నోడ్ పనులు ఎవరి కంప్యూటర్లో వాళ్లు నడుపుకుని ఏపీఐకీ డేటాబేస్‌కీ మాత్రం సర్వర్ దగ్గరికి రండి.

దీనికి సర్వర్ మీద విండోస్ తీసేసి ఉబుంటు సర్వర్ 24.04 (ఒక రకం లినక్స్) వెయ్, 2029 దాకా ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. పాత ఐ5, ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉంటే ఐదుగురికి హాయిగా సరిపోతుంది. ఎస్ఎస్‌డీ లేకపోతే ముందు అది కొను. మారిన మొదటి రోజే కొన్ని బొమ్మలు రావు, కొన్ని ఫైళ్లు దొరకవంటుంది. భయపడకు, విండోస్‌కి పెద్దక్షరం చిన్నక్షరం ఒకటే, లినక్స్‌కి కాదు. పెద్ద హెచ్‌తో ఉన్న హెడర్ ఫైలుని కోడ్‌లో చిన్న హెచ్‌తో పిలిస్తే విండోస్‌లో నడుస్తుంది, ఇక్కడ నడవదు. ఇది ఆఫీసులో బయటపడటమే మంచిది, మీ సైట్లు చివరికి పోయే హోస్టింగ్ కూడా సాధారణంగా లినక్సే. డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి పెట్టెల్లో నడిపే టూల్) తర్వాత ఎప్పుడైనా నేర్చుకుంటే ఒకటి గుర్తుంచుకో: డాకర్ తెరిచిన పోర్టులు ఉబుంటు ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని దాటుకుని వెళ్తాయి, మూసేశాననుకున్నది తెరిచే ఉంటుంది.

డేటాబేస్ విషయంలో కూడా అదే సూత్రం. ఒక్కొక్కరికి ఒక డేటాబేస్, మెయిన్ కాపీకి ఒకటి. టేబుల్లో కొత్త కాలమ్ కావాలంటే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్లో డేటాబేస్ చూసే పేజీ) చేత్తో చేర్చొద్దు, మైగ్రేషన్ ఫైలు (ఆ మార్పుని చేసే కోడ్) రాసి గిట్‌లో పెట్టు, మిగతావాళ్లు తెచ్చుకుని నడుపుకుంటారు. జాంప్‌లో డేటాబేస్ రూట్ యూజర్‌కి పాస్‌వర్డ్ ఉండదు. అది ఒంటరిగా పనిచేసుకునేవాడి కోసం పెట్టిన ఏర్పాటు, నెట్‌వర్క్ మీద పెట్టేటప్పుడు అలా వదిలేయకూడదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ పక్క కంప్యూటర్లో 403 (అనుమతి లేదు) అని ఆగేది కూడా అందుకే, దాని కాన్ఫిగ్‌లో రిక్వైర్ లోకల్ అని ఉంటుంది. దాన్ని అందరికీ తెరవమనే సలహాలు దొరుకుతాయి, తెరవొద్దు. డీబీవర్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఎస్ఎస్‌హెచ్ టనెల్ పెట్టుకుని రండి, డేటాబేస్ వాడే 3306 పోర్టు బయటికి తెరవాల్సిన అవసరమే ఉండదు.

నీ ఫోన్లో లోకల్‌హోస్ట్ అని రావడానికి కారణం వర్డ్‌ప్రెస్ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. వర్డ్‌ప్రెస్ తన సొంత అడ్రస్‌ని డేటాబేస్‌లో ఆప్షన్స్ టేబుల్లో సైట్‌యూఆర్ఎల్, హోమ్ అని రెండు వరుసల్లో రాసుకుంటుంది. నువ్వు ఐపీతో తెరిచినా అది లోకల్‌హోస్ట్‌కే తిప్పి పంపుతుంది. అయితే డేటాబేస్ డంప్‌ని (మొత్తం డేటాబేస్ కాపీ ఫైలు) నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైండ్ రీప్లేస్ కొట్టొద్దు. థీమ్ సెట్టింగులు, విడ్జెట్లు సీరియలైజ్ చేసి ఉంటాయి, అంటే ప్రతి మాట ముందు దాని పొడవు రాసి ఉంటుంది. ఇంగ్లీషులో లెక్కపెట్టు, ముందున్న హెచ్‌టీటీపీ, కోలన్, రెండు గీతలతో కలిపి లోకల్‌హోస్ట్ అడ్రస్ 16 అక్షరాలు, లాడ్జ్.టెస్ట్ అయితే 17. మాట మారి ముందున్న 16 అలాగే ఉండిపోతే పీహెచ్‌పీ దాన్ని చదవలేదు, హోం పేజీలో సగం సెట్టింగులు ఎగిరిపోతాయి. వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలో సెర్చ్-రీప్లేస్ కమాండ్ ఉంది, పొడవులు కూడా అదే సరిచేస్తుంది. ఒక్కొక్కరి కాపీకి వేరే అడ్రస్ కాబట్టి, ఎవరి కాన్ఫిగ్ ఫైలులో వాళ్లు డబ్ల్యూపీ హోమ్, డబ్ల్యూపీ సైట్‌యూఆర్ఎల్ అని రెండు లైన్లు కూడా పెట్టుకోండి, ఆ ఫైలు గిట్‌లోకి పోకుండా చూసుకోండి.

హెచ్‌టీటీపీఎస్ లోకల్‌లో ఎందుకు అంటావేమో. ట్రావెల్స్ సైట్లో లొకేషన్ అడుగుతారు, లాడ్జీ చెకిన్‌లో కెమెరాతో క్యూఆర్ స్కాన్ చేస్తారు. లోకల్‌హోస్ట్‌ని బ్రౌజర్ సురక్షితం అనుకుంటుంది కాబట్టి నీ కంప్యూటర్లో పనిచేస్తాయి, అదే సైటు ఐపీతోనో డాట్ టెస్ట్‌తోనో ఫోన్లో తెరిస్తే కెమెరా, లొకేషన్ అసలు అడగనే అడగదు. ఎంకేసర్ట్ అనే టూల్‌తో సర్టిఫికెట్ చేసుకుని, దాని రూట్ సర్టిఫికెట్‌ని ఐదు కంప్యూటర్లలో, పరీక్షించే ఫోన్లలో వేసుకోండి. దాని ప్రైవేట్ కీ ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, వాట్సాప్‌లో అసలే పంపొద్దు. అది ఉన్నవాడు మీ మెషీన్లు నమ్మేలా ఏ బ్యాంకు పేరుతోనైనా సర్టిఫికెట్ చేయగలడు.

ఇది నువ్వు అడగలేదు కానీ గట్టిగా చెప్పాలి. లైవ్ సైటు డేటాబేస్ యథాతథంగా ఆఫీసు సర్వర్‌కి తేవొద్దు. లాడ్జీ డేటాబేస్ అంటే దర్శనానికి వచ్చిన కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు. ఐదు కాపీలు చేస్తే ఆ ఆధార్లు ఐదు చోట్ల ఉన్నట్టు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, చట్టం లేకపోయినా అది మనకి అప్పగించిన నమ్మకం. తెచ్చేటప్పుడే పేర్లు, నంబర్లు మార్చేసే చిన్న స్క్రిప్ట్ రాసుకో, ఆధార్ ఫోల్డర్ అసలు తేవొద్దు. అలాగే సర్వర్ నుంచి మెయిళ్లు నిజంగా బయటికి పోకుండా మెయిల్‌పిట్ అనే ప్రోగ్రాం పెట్టు, వెళ్లిన ప్రతి మెయిలూ 8025 పోర్టులో మీకే కనిపిస్తుంది. బుకింగ్ క్యాన్సిల్ బటన్ పరీక్షిస్తూ కూర్చుంటే, రైలెక్కి వస్తున్న భక్తుడికి మీ రూమ్ రద్దయిందని మెయిల్ వెళ్లకూడదు. ఎస్ఎంఎస్, వాట్సాప్ ఏపీఐ కీలు, పేమెంట్ గేట్‌వే కీలు కూడా టెస్ట్ కీలే ఉండాలి.

కరెంటు. సర్వర్‌కి యూపీఎస్ పెట్టు, రూటర్‌కీ స్విచ్‌కీ కూడా అదే యూపీఎస్ నుంచి ఇవ్వు, లేకపోతే సర్వర్ నడుస్తున్నా ఎవరికీ అందదు. యూపీఎస్‌కి యూఎస్‌బీ వైరు ఉంటే నట్ అనే ప్రోగ్రాంతో బ్యాటరీ తగ్గగానే సర్వర్ సక్రమంగా షట్‌డౌన్ అయ్యేలా చేయొచ్చు, బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టు. మేలో మన ఎండకి, తలుపులు మూసిన గదిలో, బీరువా పక్క సందులో పెట్టొద్దు, గాలి ఆడే చోట పెట్టి దుమ్ము దులుపుతుండు. రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైముకి పని నడిపే ప్రోగ్రాం) డేటాబేస్ డంప్ తీసి, గిటీ ఫోల్డర్‌తో కలిపి ఇంకో కంప్యూటర్‌కి కాపీ అయ్యేలా పెట్టు. అదే డిస్కులో ఉన్న బ్యాకప్, డిస్క్ పోతే దానితోపాటే పోతుంది. నెలకోసారి ఆ డంప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూడు, తీసుకోవడం వేరు, తిరిగి వస్తుందో లేదో వేరు.

చిత్తూరు నుంచి రోజూ వచ్చే అమ్మాయికి వారంలో కొన్నిరోజులు ఇంటి నుంచి పని ఇవ్వాలని రాశావు. అందుకోసం రూటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి సర్వర్‌కి తలుపు తెరవడం) పెట్టొద్దు. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మీకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి అది పనిచేయకపోవచ్చు, పనిచేస్తే ఇంకా ప్రమాదం. సర్వర్ మీదా ఆమె ల్యాప్‌టాప్ మీదా టెయిల్‌స్కేల్ (రెండింటినీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌గా కలిపే ప్రోగ్రాం) వెయ్, సర్వర్‌కి 100తో మొదలయ్యే ఇంకో అడ్రస్ వస్తుంది, ఆ అడ్రస్‌తోనే రిమోట్ ఎస్ఎస్‌హెచ్. డాట్ టెస్ట్ పేర్లు ఆమె ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైలులో ఆ అడ్రస్‌కి రాసుకుంటే సరి, ఆఫీసుకి వచ్చిన రోజు కూడా మార్చక్కర్లేదు, టెయిల్‌స్కేల్ ఆన్‌లో ఉంటే అక్కడా అదే పనిచేస్తుంది.

ముందు రిజర్వేషన్, ఫైర్‌వాల్ ఇవాళే చూసుకో, గిట్‌కి మారడం ఏ శనివారమో అందరూ కలిసి కూర్చుని చేయండి. ఏ పరీక్ష దగ్గర ఆగిందో, తెర మీద ఏ మెసేజ్ వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడే రాయి, చూసి చెప్తాను.